ప్రశ్న నాది, పేరు నాయినమ్మది

మా కోడలు సర్కారు బడిల టీచరు, నాలుగు అయిదు తరగతుల పిల్లలకు చెప్తది. ఈ నడుమ పొద్దుమీకి ఇంటికి రాంగనే నడింట్ల చాప పరిచి, రంగురంగుల అట్టలు ముందటేసుకొని, కత్తెరతోని గుండ్రంగ కోసి, ఒక్కోదాన్ని సగాలు పావులు చేసి గమ్ముతోని అంటిస్తుంటది. ఆ గమ్ము వాసన ఇల్లంత పరుచుకుంటది. అది ముక్కుకు తగిలిందంటే నాకు ఇప్పటికీ కడుపుల మంట లేస్తది. చిన్నప్పుడు మా చెల్లె సుశీల బడికెళ్ళి వచ్చినప్పుడు దాని చేతులకు మైదాపిండి గమ్ము వాసన, చాక్‌పీసు వాసన ఉంటుండె, నా చేతులకేమో తంబాకు వాసన. ఒక్క కంచంల తిన్నోళ్ళం, ఒక్క దుప్పట్ల పన్నోళ్ళం, చేతుల వాసన మాత్రం వేరే వేరే.

"అట్ట ఎందుకు బిడ్డా, జొన్నరొట్టె చేసి కొంటపోరాదు?" అన్న. కోడలు కత్తెర పక్కకు పెట్టింది. "రొట్టెతోని ఎట్ల చెప్తరు అత్తమ్మా? మీ కాలంల ఎట్ల చెప్పిండ్రో చెప్పు, రాసుకుంట. మాకు కొత్త తీర్లు వెతుకుమంటున్నరు" అన్నది. నాకు చెప్పుడొస్తది గని రాసుడు రాదు. మా ఆయన ఉన్నన్నాళ్ళు ఈ ముచ్చట ఎత్తితే, ఇంకెన్ని దినాలు దాన్నే నములుతవే అని కోపానికొస్తుండె. ఆయన పోయినంక వద్దనేటోళ్ళు లేరు. అందుకని, నేను ఎట్ల చెప్తే అట్లనే రాయాలె, నా మాట దిద్దొద్దు అని చెప్పి మొదలువెట్టిన.

మాది మెదక్‌ల ఖిల్లా గుట్ట కిందుగ, ఎత్తుపల్లాల గల్లీల గూనపెంకుల ఇల్లు. నాయిన బియ్యం మిల్లుల హమాలి, అమ్మ ఇంట్లనే బీడీలు చేస్తుండె. నాయిన వాళ్ళమ్మ, మా నాయినమ్మ, కండ్లు మసకబారినా నోరు మాత్రం మసకబారని మనిషి, కడప మీద కూసొని వచ్చే పోయేటోళ్ళను చప్పుడును బట్టే గుర్తువట్టి పలకరిస్తుండె. నేను పెద్దదాన్ని, పోచవ్వ, నాయినమ్మ నోట్ల పోశీ. నా తరువాతది సుశీల. నేను ఇంట్ల పుట్టిన, నాయినమ్మ తన ఇలవేల్పు పేరు పెట్టింది. సుశీల దవాఖానల పుట్టింది, అక్కడి నర్సమ్మ ముద్దుగ ఆ పేరు పెట్టింది. ఆ పేరు మీద గూడ నాకు కుళ్ళుండె. దాన్ని పిలుస్తుంటే ఎవరో పెద్దింటి పిల్లను పిలిచినట్టు ఉంటుండె, నన్ను పిలిస్తే ఏదో పని చెప్పేటందుకే పిలిచినట్టు ఉంటుండె.

నేను గూడ బడికి పోయిన. రెండో తరగతి నడుమ అమ్మకు వేళ్ళ కీళ్ళు పట్టుకపోయి కత్తెర ఆడకుంటయింది. ఇంట్ల చేతికందిన పిల్లను నేనే గనుక అమ్మ ఒళ్ళెకెళ్ళి బీడీల చాట నా ఒళ్ళెకొచ్చింది. తునికాకును తడిగుడ్డల చుట్టి మెత్తబడనిచ్చుడు, కొలతకు తగరపు ఫర్మా పెట్టి కోసుడు, చిటికెడు తంబాకు ఏసి ఒత్తి చుట్టుడు, మూతి మడిచి దారం కట్టుడు, పొద్దు ఎక్కేదాకా అదే, పొద్దు దిగేదాకా అదే. వానకాలమొస్తే గల్లీల నీళ్ళు పారుతుంటయి, పిల్లలు మక్కకంకులు కాల్చుకొని వేడివేడిగ ఒలుసుకుంట నీళ్ళల్ల ఎగురుతుంటరు. చలికాలంల ఎండపొడలకు చాట జరుపుకుంట నేను గూడ జరుగుతుండేది, ఎండ గోడెక్కినంక ఇగ జరగ జాగ లేక వణుకుకుంట కూసునేది. ఎండకాలం తంబాకు ఘాటు గొంతుల పట్టుకొని దగ్గొస్తుండె. నా గొంతు ఇప్పుడు గిట్ల గరగరమనేది అప్పటి పుణ్యమే. ముందట గల్లీల పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను కూసున్న కాడికెళ్ళే ఎవరు గీత తొక్కిండ్రో చెప్పేది. నన్ను ఆటల కలుపుకోకున్నా తగువొస్తే నా దగ్గరికే వచ్చేటోళ్ళు.

చర్చి గంట కొట్టంగనే సుశీల తల దువ్విచ్చుకొని, రెండు జెడలు పైకి మలిచి రిబ్బన్లు కట్టిచ్చుకొని బయలెల్లేది. ఆ జెడలు ఏసేది గూడ నేనే. గట్టిగ గుంజి ఏస్తుంటి. "అక్కా, జర మెల్లగ!" అనేది. "బడికి పోయే తలకాయ గట్టిగుండాలె" అంటుంటి. అది సందు మలిగేదాకా చూసి, దాని సంచి అంచు గోడ చాటుకు పోయినంక ఆకు చేతిలకు తీసుకునేది.

అది అయిదో తరగతికొచ్చిన ఏడు వాళ్ళ బడికి రాజ్యలక్ష్మి టీచరు అని ఒకామె గుంటూరు దిక్కుకెళ్ళి బదిలీ మీద వచ్చింది. తెల్లచీర, నల్లగొడుగు. మాట మీదిమీదికి పోతున్నట్టుంటుండె, రండి కూర్చోండి అనేది. సుశీల గూడ నెల తిరుగంగనే ఇంట్ల "అమ్మా, అన్నం పెట్టండి" అన్నది. నాయినమ్మ నోట్ల పొగాకు మింగినంత పనైంది. "ఇంట్ల ఒక్కతే ఉన్నది గదనే మీ అమ్మ, పెట్టండి అని ఎందర్ని అడుగుతున్నవే?" అని నవ్వింది. నేను నవ్వలె. దానికి కొత్త మాట దొరికింది, నాకు దొరుకలె.

ఆ టీచరు చెప్పే తీరు వేరేనట. పిల్లలను బెంచీల మీద ఎక్కువసేపు కూసోనియ్యదట. ముళ్ళేసిన తాడిచ్చి బడి ఆవరణ చుట్టూ కొలిపిస్తదట. వాకిట్ల కట్టె పాతి దాని నీడ ఎటు జరిగిందో పొద్దటికెళ్ళి సాయంత్రం దాక పిల్లలతోనే గీత గీయిస్తదట. నల్లరేగడి మట్టి తడిపి నేల మీద మెదక్ జిల్లా మొత్తం చేయించి, ఖిల్లా కాడ గులకరాయి, చర్చి కాడ సుద్దముక్క పెట్టి, మంజీర పారే దారిల నీళ్ళు పోయిస్తదట. సుశీల ఇవన్ని చేతులు ఊపుకుంట చెప్తుంటే నా చేతుల ఆకు చిరిగిపోయేది.

అన్నిటికన్న పెద్ద సంగతి ఇంకొకటుండె. ఆ దినం బడిల ఏది చెప్తే అది పిల్లలు ఇంటికి పోయి, బడికి పోని మనిషికి ఒకరికి చెప్పాలె. అమ్మకో, తాతకో, పక్కింటి పెద్దమనిషికో. చెప్పినంక ఆ మనిషి ఒక ప్రశ్న అడగాలె. ఆ ప్రశ్న తెల్లారి బడికి తేవాలె. జవాబు తెచ్చినోళ్ళకు ఏం లేదు, ప్రశ్న తెచ్చినోళ్ళకే మెప్పు. నల్లబల్ల ఎడమపక్క మూలకు ఆ ప్రశ్న రాసి, కింద అడిగినోళ్ళ పేరు రాస్తదట టీచరు. అది ఆ దినమంత చెరుపొద్దు. ఎవలు చెరిపినా గోడకు నిలబడాలె.

మా ఇంట్ల చెప్పిచ్చుకునే తీరిక ఎవరికున్నది? నాయిన మిల్లుకెళ్ళి వచ్చి పడుకునేది. అమ్మ పొయ్యికాడ. నాయినమ్మ రెండు మాటలు ఇనంగనే కునుకు తీసేది. కూసున్న కాడికెళ్ళి లేవకుంట, చెవులు ఖాళీగున్నదాన్ని నేనొక్కదాన్నే. సుశీల నా ముందట మోకాళ్ళ మీద కూసొని, చాట అంచు మీద వేలితోని కొట్టుకుంట, టీచరు లెక్కనే గొంతు సవరిచ్చుకొని చెప్పేది. "అర్థమయ్యిందా?" అని అడిగేది. నాకంటే చిన్నది, నా చేతుల జెడ ఏయిచ్చుకున్నది, నన్ను అర్థమయ్యిందా అని అడిగితే మండిపోయేది. మండుకుంటనే ఇంకోసారి చెప్పు అనేది.

మొదటి ప్రశ్న రొట్టెది. ఆ దినం టీచరు తన ఇంటికెళ్ళి రొట్టెలు తెచ్చి సగమంటే ఇంత, పావంటే ఇంత అని తుంచి చూపిచ్చిందట, చూపిచ్చినంక అందరికి పంచి తినమన్నదట. సుశీల నాకు అది చెప్పేసరికి మేం పొయ్యికాడ ఉన్నం. అమ్మ జొన్నరొట్టెలు తడుతుండె. పెద్ద రొట్టెల సగం సుశీలకేసింది, చదువుకునే పిల్ల అని. పిండి అయిపోవచ్చినంక చేసిన చిన్న రొట్టెల సగం నాకేసింది. నేను రెండు సగాలూ పక్కపక్కకు పెట్టి చూసి, "మీ టీచరును అడుగు, పెద్ద రొట్టెల సగం, చిన్న రొట్టెల సగం ఒకటేనా? రెండింటికీ సగం అనే పేరే ఎందుకు పెట్టిండ్రు?" అన్న. అది ప్రశ్న అనుకొని అనలె నేను. కడుపు మండి అన్న. అమ్మ దిగ్గున నా దిక్కు చూసి, తన రొట్టెల ఇంత తుంచి నా కంచంల ఏసింది. సుశీల మాత్రం లేచి ఎగిరింది, దొరికింది దొరికింది అనుకుంట.

తెల్లారి టీచరు మస్తు సంబురపడ్డదట. ఆ ఒక్క ప్రశ్న మీదనే పాఠమంత నడిపిందట, సగం అంటే దేంట్ల సగమో చెప్పందే లెక్క పూర్తిగాదు అని. ఆమె సుద్దముక్క పట్టుకొని, "ఎవరమ్మా అడిగింది?" అన్నదట. ఆడ ఆగిపోయింది సుశీల. ఎందుకంటే నాయిన దానికి ముందే గట్టిగ చెప్పి ఉంచిండు. ఆ కాలంల టీచర్లు ఇల్లిల్లు తిరిగి బడికి రాని పిల్లల పేర్లు రాసుకపోతుండ్రి. "ఇంట్ల పెద్దది ఉన్నదని బడిల ఎవలకు చెప్పకు. చెప్తే వాళ్ళొచ్చి కూసుంటరు, నాకు తలకాయ నొప్పి" అని. సుశీలకు అది యాదికొచ్చి, "మా నాయినమ్మ, టీచర్" అన్నది. నల్లబల్ల మూలకు నా రొట్టె ప్రశ్న, దాని కింద మా నాయినమ్మ పేరు ఎక్కినయి.

ఇంటికొచ్చి చెప్తే నాయినమ్మ మొదలు ఇచ్చిత్రపడ్డది. "నేనడిగిన్నా?" అన్నది. తరువాత జరసేపు ఆలోచన చేసి, "మంచిగనే అడిగిన గదనే!" అన్నది. ఇగ అంతే. ఆ దినం సంది ఆమెదే రాజ్యం. బడి ఇడిచినంక పిల్లలు మా గల్లీల నుంచి పోవుకుంట, "ప్రశ్నల అవ్వా, నమస్తే!" అని కేకేసేటోళ్ళు. ఆమె కడప మీద వీపు నిటారుగ పెట్టుకొని, "ఆఁ, మంచిగ చదువుండ్రి, ఊకె తినుడు గాదు" అని దీవిచ్చేది. సీతాఫలాల కాలమొస్తే పిల్లలు గుట్టకెళ్ళి తెంపుకొచ్చిన పండ్లు ఆమెకు ఇచ్చేటోళ్ళు. ఆమె కడప మీదనే కూసొని, పండు ఇప్పి, తియ్యటి గుజ్జంత సప్పరిచ్చి, గింజలు నా చాట పక్కకు ఉమ్మేది. "నాకొకటి పెట్టరాదే" అంటే, "ప్రశ్న అడుగుడు అల్కనా? తలకాయ ఎంత ఆడియ్యాలె!" అనేది. ఎగతాళికి అన్నదో, నిజంగనే తనే అడిగిన అనుకున్నదో నాకు ఇప్పటికీ తెల్వది. పండుముసలిదాని మీద, నన్ను ఎత్తుకొని పెంచినదాని మీద, అంత కుళ్ళు పెట్టుకున్న నేను. బతుకమ్మ నాడు ఆడపిల్లలందరు ముందుగాల ఆమె ముందటికే వచ్చి బెల్లం మలీద ముద్ద ఆమె చేతిల పెడుతుంటే, తంగేడు పువ్వు తెంపి, గునుగు తెంపి, రంగులద్ది, ఆ బతుకమ్మను పేర్చిన నేను వెనుక నిలబడ్డ.

అయినా ప్రశ్నలు అడుగుడు ఆపలె. ఆపితే సుశీల వేరేటోళ్ళ దగ్గరికి పోతదని భయముండె. పక్కింటి ఖాలా ఉండె, బట్టలు కుట్టేటామె. రంజాన్‌కు మాకు సేమియా పంపేది. ఆమె బిడ్డ గూడ ఆ తరగతిలనే. ఆ ఖాలా గూడ మంచి ప్రశ్నలు పంపుతదని, ఆమె పేరు బల్ల మీదికి ఎక్కిందని సుశీల చెప్పినప్పుడల్ల నాకు అన్నం సయించకపోయేది. ఆమె కన్న మంచిది అడగాలె అని చేతులు బీడీలు చుడుతుంటె తలకాయ వేరే పని చేస్తుండె. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయినం, బండ్ల మీద, వంటగిన్నెలతోని. అందరు వనదుర్గమ్మకు మొక్కుతుంటే నేను మంజీర దిక్కే చూసిన. ఏరు ఒక్కటే వచ్చి, బండలల్ల ఏడుగ చీలి, మల్ల కిందికి పోయి ఒక్కటే అయితది. "చీలినప్పుడు ఏ పాయకు ఎంత నీళ్ళు పోవాలె అని ఎవలు చెప్తరు?" అని అడిగి పంపిన. టీచరు మట్టి జిల్లాల రాళ్ళు పెట్టిచ్చి, నీళ్ళు పోయిచ్చి, నేల ఎటు వాలితే అటు ఎక్కువ పోతదని పిల్లలకు కండ్లతోని చూపిచ్చిందట. కింద మల్ల నాయినమ్మ పేరే. జాతరల ఆమె బండి దిగనే లేదు.

ఎండలు ముదరకముందు టీచరు ఒక కబురు పంపింది. ఇంట్ల కూసొని చదువుకుంటున్న పెద్దలందరు శనివారం నాడు బడికి రావాలె, పిల్లల జాగల కూసోవాలె, ఈసారి ప్రశ్న ఎవలకు వాళ్ళే తమ నోటితోని అడగాలె. నాయినమ్మ పెట్టె తీసి ఇస్త్రీ మడత చీర తీసింది. ఏం అడగాలెనో నేను నేర్పాలె అన్నది. సుశీల అప్పటికి చుట్టుకొలత పాఠం చెప్పి ఉండె. నేను బీడీ దారం ముక్క ఒకటి తీసి రెండు కొసలు ముడేసి, చాట మీద గుండ్రంగ పెట్టి నిండ చింతగింజలు పేర్చిన. అదే దారాన్ని పలకలెక్క పెట్టి పేరిస్తే కొన్ని గింజలు మిగిలినయి. సన్నగ పొడుగ్గ గుంజి పెడితే ఇంకా ఎక్కువ మిగిలినయి. దారం అదే, పొడుగు అదే, లోపల పట్టేది మాత్రం ఎందుకు మారుతది? అది చూసిన నాడు నాకు రాత్రి నిద్ర పట్టలె, నాకొక్కదానికే తెలిసినట్టు. ఆ ప్రశ్నను నాయినమ్మకు ఇయ్యాలంటే పానం ఒప్పలె. ఇచ్చిన. ఆమెకు పదిసార్లు అప్పజెప్పిచ్చిన.

ఆమెను రాళ్ళల్ల పట్టుకొని పోయేటందుకు నేను కావాలె గద. అమ్మ పంపుకుంట, "బయటనే కూసో, లోపలికి పోకు" అన్నది. నేను బూడిద పెట్టి, చింతపండు పెట్టి చేతులు రుద్దుకున్న, తోలు ఎర్రగయ్యేదాక. తంబాకు వాసన పోలె. బడిల పెద్దలు బెంచీల మీద ఇరుకిరుకుగ కూసున్నరు, పిల్లలు కింద చాపల మీద. మా నాయినమ్మ ముందటి బెంచీ మీద. నేను గడప కాడ గోడకు ఆనుకొని లోపలికి తొంగి చూస్తున్న. రాజ్యలక్ష్మి టీచరు చూసింది. "ఆ అమ్మాయెవరు? లోపలికి రమ్మనండి" అన్నది.

సుశీల లేచి, "చుట్టాల పిల్ల, టీచర్. ఊరికెళ్ళి వచ్చింది" అన్నది.

నా చెవులతోని ఇన్న. టీచరు ఇంకేం అనకముందే నాయినమ్మ వంతు వచ్చింది. ఆమె చేతికట్టె పట్టుకొని లేచి, గొంతు సవరిచ్చుకొని, "ఒక దారమున్నది..." అని మొదలువెట్టి, ఆడికి ఆగింది. తరువాత ఏమున్నదో ఆమెకు యాదికొస్తలేదు. పిల్లలు చూస్తున్నరు. ఆమె నేనున్న దిక్కుకు మొఖం తిప్పి, ఇంట్ల మాట్లాడినట్టే, "ఏమే పోశీ, దారం ఎక్కడ పెట్టినవే, తరువాత ఏమడగమన్నవే?" అని అరిచింది.

తరగతంత గొల్లున నవ్వింది. టీచరు, "అవ్వా, ఈ పిల్ల చుట్టాలమ్మాయి కదా?" అన్నది.

"చుట్టాల పిల్లేంది బిడ్డా, దీని తోడబుట్టిన అక్క! ప్రశ్నలన్ని దానియే, నాది ఊకె పేరు" అన్నది నాయినమ్మ. దాచాలె అన్న సోయి ఆమెకు ఉంటే గద.

సుశీల తలకాయ దించుకున్నది. టీచరు నా దగ్గరికి వచ్చి, ఏం అడగకుండా నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయింది. తంబాకు చెయ్యి అని గుంజుకుందామంటే ఇడువలె. ముందటి బల్ల మీద దారం పెట్టిచ్చింది, నా నోటితోనే చెప్పిచ్చింది. పిల్లలందరికి దారం ముక్కలిచ్చి, గింజలిచ్చి, ఎవలకు వాళ్ళు గుండ్రంగ ఒకసారి, పలకగ ఒకసారి పేర్చి చూడుమన్నది. తరగతంత గింజల చప్పుడు. ఖాలా తన జేబురుమాలు మీద పేర్చి, "అరె, సచ్ బాత్! నిజమే!" అన్నది. టీచరు జవాబు చెప్పలె, "ఎందుకో సోమవారం నా కంటే ముందు మీరు చెప్పాలి" అని పిల్లలకే ఒదిలింది. అప్పుడు సుద్దముక్క తీసుకొని బల్ల మూలకు పోయి, "నీ పేరు?" అన్నది. చెప్పిన. రాసింది. ఆ మూడక్షరాలను నేను కండ్లార్పకుంట చూసుకుంట కూసున్న, బడి ఇడిచే గంట కొట్టినా లేవలె.

ఆ దినం నా మొఖంల వచ్చిన వెలుగు మా నాయిన కోపానికే పనికొచ్చింది. టీచరు ఆగలె. తెల్లారి ఆదివారమే గొడుగేసుకొని మా ఇంటికొచ్చి, గోనెపట్ట మీద కూసొని, "ఈ అమ్మాయిని నాకివ్వండి, రెండేళ్ళలో చెల్లెలి పక్కన కూర్చోబెడతాను" అన్నది. నాయిన లేచి దండం పెట్టి, "పంపుతనమ్మా, తప్పకుంట పంపుత" అన్నడు. ఆమె సందు మలిగేదాక చేతులు జోడిచ్చే ఉన్నడు. మలిగినంక లోపలికొచ్చి సుశీలను నిలబెట్టి, "ఇయ్యాల్టి సంది ఇంట్ల బడి బందు. పాఠం వద్దు, ప్రశ్న వద్దు. చాట కాడ కూసుంటే నీ చదువు గూడ మాన్పిస్త" అన్నడు. అమ్మ పొయ్యికాడికెళ్ళి లేవలె. తరువాత సుశీల బడికెళ్ళి వచ్చి వేరే అర్రల కూసొని చదువుకునేది, పెదవులు కదులుతుండె, చప్పుడు ఇనరాకపోయేది. నేను చెవులు రిక్కిచ్చి కూసునేది. ఇంటి ప్రశ్న ఖాలాను అడిగి తీసుకపోయేది. టీచరు ఇంకోసారి వచ్చింది, అప్పుడు నాయిన నాకు సంబంధం చూస్తున్నమని చెప్పిండు. ఎండకాలం సెలవులల్ల ఆమెకు మల్ల బదిలీ అయ్యింది.

సుశీల పైకి చదివి టీచరమ్మ అయ్యింది. రాజ్యలక్ష్మి టీచరు తీరే పట్టుకున్నది, రొట్టెలు, మట్టి జిల్లా, దారం, గింజలు, ఇంటి ప్రశ్న. ఏ ఊర్ల చేసినా ఆ ఊరోళ్ళు ఇడువకపోయేటోళ్ళు. అది రిటైరైన నాడు షామియానా ఏసి పెద్ద సభ పెట్టిండ్రు, నేను గూడ పోయి ముందటి కుర్చీలల్ల కూసున్న. శాలువా కప్పినంక అది మైకుల, "మా నాయనమ్మ చదువుకోలేదు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నలే నన్ను టీచర్ని చేశాయి" అన్నది. రొట్టె ముచ్చట చెప్పింది, ఏరు ముచ్చట చెప్పింది. జనం చప్పట్లు కొట్టిండ్రు. పక్కన ఒకామె కండ్లు తుడుసుకున్నది. నేను గూడ కొట్టిన చప్పట్లు, కొట్టకుంటే ఏందో అనుకుంటరని.

భోజనాల కాడ నా పక్కకొచ్చి, "అక్కా, మంచిగ చెప్పిన్నా?" అన్నది.

"మంచిగనే చెప్పినవు. ఈసారి గూడ చుట్టాల పిల్లనేనా?" అన్న.

అది ఇస్తరాకు దిక్కు చూసుకుంట, "నీ పేరు చెప్తే, మరి అక్క ఎందుకు చదువలేదమ్మా అని అడుగుతరు గదక్కా. అంతమంది ముందట నేనేం చెప్పాలె?" అన్నది. నాకు జాలి రాలె. గదే చెప్పేదుండె, గది గూడ ఒక పాఠమే అని మనసుల అనుకున్న, అన్నం కలుపుకున్న.

కోడలా, నీకు కొత్త తీరు గావాలంటే ఇది రాసుకో. రొట్టెతోని చెప్పు, దారంతోని చెప్పు, పిల్లలను కూసోబెట్టకు, ఇంటికెళ్ళి ప్రశ్న తెమ్మను. తెచ్చినప్పుడు, పేరు చెప్పే పిల్ల మొఖం చూడు. జర తడబడ్డదంటే ఆ ఇంట్ల ఎవరో చాటున ఉన్నట్టు. తెలిసినా తెల్లారే ఉరికిపోకు. ఉరికి నన్ను బయటికి తెద్దామనుకున్నది ఆ టీచరు, ఉన్న సందు గూడ మూసుకపోయింది. ముందు ప్రశ్నలు రానియ్యి, ఆ ఇంటి పెద్దల మనసు పట్టు, తరువాత గొడుగు తీసుకో.

ఇప్పుడు ఆ బడి జాగల షట్టర్ల దుకాణాలున్నయి, సెల్‌ఫోన్లు అమ్ముతరు. నల్లరేగడి జిల్లా చేసిన ఆవరణ మీద సిమెంటు పోసిండ్రు, బండ్లు పెడుతరు. తునికాకు వాసన మా గల్లీల లేదు, గల్లీ పిల్లలు బయట గీత గీసి ఆడుతలేరు. కడప మీద కూసునే ముసలోళ్ళు టీవీ ముందటికి పోయిండ్రు. పిల్లలు బడికెళ్ళి వచ్చి ఇంట్ల ఎవలకు పాఠం చెప్తలేరు, అడిగేది ఉంటే ఫోనును అడుగుతున్నరు. ఆఖరుకు మా సుశీల గూడ మోకాళ్ళ నొప్పులతోని ఫోన్ల నాకు మందుల పేర్లు చెప్తది. ఇన్ని పోయినయి గని, పొద్దున బడి బస్సుకు ఎదురుచూసే పిల్లలను చూస్తే నాకు లేసే కుళ్ళు మాత్రం పోలె.

కోడలు ఇదంత రాసి, కండ్లద్దాలు తీసి, "శనివారం మా తరగతిల పెట్టిస్త అత్తమ్మా. ఒక ప్రశ్న చెప్పు, నీ పేరుతోనే చెప్త" అన్నది. మంచి పిల్లే, మనసుతోనే అడిగింది. నా దగ్గర ప్రశ్న గూడ ఉన్నది, మస్తు దినాల సంది ఉన్నది.

"ఇయ్య" అన్న. "ముందటి బెంచీ మీద నాకు జాగ పెట్టు. నేనే వచ్చి అడుగుత."